మెట్లు దిగగానే మారిపోయే మనిషి

హైదరాబాద్ మెట్రో రైలు 2017 నవంబర్ 28న మొదలైంది. మన ఊళ్లలో ఏ కొత్త కట్టడం లేచినా వెంటనే వినిపించే జోస్యం ఒకటుంది: ‘ఆర్నెల్లు ఆగండి, మనవాళ్లు దీన్ని ఏం చేస్తారో చూద్దురుగాని’. మెట్రో విషయంలో ఆ జోస్యం ఇన్నేళ్లయినా ఫలించలేదు. ప్లాట్‌ఫారం మూలలు ఎర్రబడలేదు. పెట్టెల్లో పల్లీ పొట్టు కనిపించదు. రద్దీ వేళల్లో తోపులాట ఉన్నా, టికెట్ గేటు దగ్గరికి వచ్చేసరికి వరుస ఎలాగో ఏర్పడుతుంది. అదే అమీర్‌పేటలో మెట్లు దిగి రోడ్డు మీద కాలు పెడితే లోకం వేరు. మెట్రో స్తంభం మొదట్లోనే వక్క రంగు చారలు, డివైడర్ ఎక్కి దూకేవాళ్లు, ఫుట్‌పాత్ మీద ఎదురొచ్చే బైకులు. పైన రైల్లో ఉన్నవాళ్లు ఒక జాతీ, కింద రోడ్డు మీద ఉన్నవాళ్లు మరో జాతీ కారు. పావుగంట కిందట నోట్లో ఉన్నదాన్ని ఉమ్మకుండా ఓపిక పట్టిన మనిషే, మెట్లు దిగగానే ఆ స్తంభం వైపు ముఖం తిప్పుతాడు. ఈ పావుగంటలో అతడి పెంపకం మారలేదు, చదువు తగ్గలేదు, సంస్కారం ఎక్కడా జారి పడిపోలేదు. మారింది అతడు నిలబడ్డ చోటు మాత్రమే.

బహిరంగ స్థలాల్లో జనం చేసే చిన్న చిన్న తప్పుల గురించి మనం నిత్యం మాట్లాడుకుంటాం. టీ కొట్టు దగ్గర, అపార్ట్‌మెంట్ సమావేశంలో, పత్రికల్లో ఉత్తరాలు రాసే పేజీలో ఆ చర్చ చివరికి చేరే ఊరు ఒకటే: ‘మనవాళ్లంతే’. ఈ మాట వినడానికి ఆత్మవిమర్శలా ఉంటుంది కానీ, అనేవాడు తనను అందులోంచి మినహాయించుకునే అంటాడు. అంతకంటే పెద్ద చిక్కు, ఈ మాట దేన్నీ వివరించదు. మనవాళ్లంతే అయితే మెట్రోలో ఎందుకు అంతే కాదు? 1977లో లీ రాస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రకం ఆలోచనకు ఒక పేరు పెట్టాడు. ఎదుటివాళ్లు ఏం చేసినా అందుకు కారణం వాళ్ల గుణమేనని నమ్మడం, వాళ్లు నిలబడ్డ పరిస్థితిని లెక్కలోకి తీసుకోకపోవడం మనుషులందరికీ ఉన్న మౌలికమైన పొరపాటు అన్నాడు. మన అనుభవంలోకి తెచ్చుకుంటే, సిగ్నల్ దాటిపోయిన పక్క బైకువాడు పోకిరీ. మనం దాటితే ఆస్పత్రి పని. వేమన కాలం నుంచీ మనకు తెలిసిన సంగతే ఇది, శాస్త్రం కాస్త ఆలస్యంగా పేరు పెట్టింది. ఈ వ్యాసం వాదన కూడా ఇక్కడే మొదలవుతుంది. చిన్న తప్పు మనిషి గుణం గురించి చెప్పేది కొంచెమే. ఆ చోట ఏది చెల్లుతుందని జనం అనుకుంటున్నారో, ఆ చెల్లుబాటు ఎలా ఏర్పడిందో చెప్పేది ఎక్కువ.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. మనకు నియమాలు పట్టవనడం అబద్ధం. ఏ బస్టాండులోనైనా ఆర్టీసీ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నప్పుడు చూడండి. బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్లు, ప్లాస్టిక్ సంచులు, ఒక్కోసారి చెప్పు కూడా లోపలికి ఎగిరి పడతాయి. బయటి నుంచి చూసినవాళ్లకు ఇది అరాచకం. కాస్త నిదానంగా చూస్తే ఇంత పకడ్బందీగా అమలయ్యే చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లో మరొకటి ఉందా అనిపిస్తుంది. కర్చీఫు పడిన సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. కూర్చున్నవాడు కూడా కర్చీఫు యజమాని వచ్చి ‘అన్నా, ఇది నాది’ అంటే గొణుగుతూనైనా లేస్తాడు. లేవకపోతే చుట్టూ ఉన్నవాళ్లు లేపుతారు. ఎవరి కర్చీఫు ముందు పడిందనే తగవు వస్తే సాక్షులు దొరుకుతారు, తీర్పు దొరుకుతుంది, కండక్టర్‌కు కూడా పని ఉండదు. ఒక మనిషి ఒక కర్చీఫుతో ఒక సీటు ఆపుకోవచ్చు, పిల్లలుంటే రెండు. ఒకే మనిషి మూడు సీట్లకు కండువా పరిస్తే మాత్రం ఊరుకోరు. ఈ హద్దులు ఏ జీవోలోనూ లేవు, ఎవరూ నేర్పలేదు. అయినా శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరికీ తెలుసు. నియమం అంటే లెక్కలేని సమాజంలో ఇలాంటిది పుట్టదు. వరుస అనే నియమం అక్కడ పనిచేయదు కాబట్టి దాని స్థానంలో మరో నియమం పుట్టింది. బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు, తలుపు ఎక్కడికి వస్తుందో తెలియదు, తర్వాతి బస్సు ఎప్పుడొస్తుందో అసలే తెలియదు. అలాంటి చోట వరుసలో ముందు నిలబడ్డవాడు చివర ఎక్కుతాడు. మెట్రోలో తలుపు ఎక్కడ తెరుచుకుంటుందో నేల మీద గీత ఉంది, తర్వాతి రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో తెర మీద అంకె ఉంది. తొందరపడనివాడికి నష్టం లేదని ఆ అంకె హామీ ఇస్తుంది. మర్యాదకు పునాది చాలాసార్లు ఇలాంటి హామీయే.

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి వేచి ఉండేవాళ్లు ఎవరు? ఈ బస్టాండు జనమే కదా. తలుపు తెరిస్తే తమ వంతు వస్తుందని తెలుసు, కంపార్ట్‌మెంటు దాటి ఎవరూ ముందుకు పోలేరని తెలుసు, అందుకే అక్కడ పసిపిల్లల తల్లులు కూడా ఓర్చుకుంటారు. ఆ నమ్మకం లేని చోట సంగతి వేరు. 2025 జనవరి 8న కొండ కింద తిరుపతిలో, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. చనిపోయినవాళ్లూ తోసినవాళ్లూ భక్తులే, కొండ మీద గంటలు గంటలు ఓపిక పట్టగలిగినవాళ్లే. ఆ తర్వాత ‘జనానికి క్రమశిక్షణ లేదు’ అనడం ఎంత తేలికైన మాటో, అంత అన్యాయమైన మాట కూడా.

రోడ్డు మీదికి వస్తే ఈ లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాంగ్ రూట్ బండ్ల గురించి ఫిర్యాదు చేయనివాళ్లు నగరంలో ఉండరు. ట్రాఫిక్ సాఫీగా సాగాలని కూడళ్లు మూసేసి, యూటర్న్‌లు దూరంగా పెట్టడం హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా పద్ధతి అయింది. కార్లకు అది మేలే చేసి ఉండవచ్చు. కానీ రోడ్డుకు ఇవతల నుంచి కుడివైపు యాభై గజాల్లో కనిపిస్తున్న మందుల దుకాణానికి వెళ్లాల్సిన స్కూటర్ మనిషిని తీసుకోండి. చట్టం ప్రకారం అతడు ఎడమకు తిరిగి ముప్పావు కిలోమీటరు వెళ్లి, యూటర్న్ దగ్గర ఇరుక్కుని, మళ్లీ ముప్పావు కిలోమీటరు రావాలి అనుకుందాం. యాభై గజాలకు కిలోమీటరున్నర. ఈ బేరంలో అతడు రోజూ చట్టం పక్షాన నిలబడతాడని ఆశించినవాడు నగరాన్ని కాగితం మీద గీసినవాడై ఉండాలి. రాంగ్ రూట్ ప్రమాదకరం, ప్రాణాలు తీస్తుంది, అందులో రెండో మాట లేదు. అయితే అది ఊరంతా సమానంగా పరుచుకుని ఉండదు. కొన్ని మలుపుల దగ్గర, కొన్ని పెట్రోలు బంకుల దగ్గర, కొన్ని కాలనీల నోళ్ల దగ్గర పోగుపడి ఉంటుంది. గుణమే కారణమైతే అది అన్ని వీధుల్లోనూ ఒకే మోతాదులో ఉండాలి. ఎక్కడ పోగుపడిందో చూస్తే ఎక్కడ లెక్క తప్పిందో తెలుస్తుంది.

ఇక శిక్ష సంగతి. చలానాలు పడవని కాదు, పడుతున్నాయి; కెమెరాలు తీసిన ఫొటోలతో ఇంటికి, ఫోనుకు చేరుతున్నాయి. కానీ 2022 మార్చిలో తెలంగాణలో పాత చలానాలు తీర్చుకోవడానికి ద్విచక్ర వాహనాలకు 75 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబర్ చివర్లో మరోసారి 80 శాతం ఇచ్చారు, గడువు కూడా పొడిగించారు. పేరుకుపోయిన బకాయిలు రాబట్టడానికి అది తెలివైన పనే కావచ్చు. కానీ చలానా పడిన రోజే వెయ్యి రూపాయలు కట్టినవాడు ఈ రెండుసార్లూ ఏమనుకుని ఉంటాడు? ఆగినవాడు మొదటిసారి రెండు వందల యాభైతో, రెండోసారి రెండు వందలతో బయటపడ్డాడు. ఆషాఢం సేల్ వస్తుందని తెలిసినవాడు జ్యేష్ఠంలో చీర కొనడు. బండి నంబరు ప్లేటును వంచేవాళ్లు, మాస్కు తగిలించేవాళ్లు, ఒక అంకె మీద బురద పూసేవాళ్లు కూడా మనకు కనిపిస్తారు. వాళ్లు చట్టాన్ని పట్టించుకోనివాళ్లు కారు. పట్టుబడే అవకాశం ఎంతో, పట్టుబడితే ఖర్చెంతో శ్రద్ధగా అంచనా కట్టుకునేవాళ్లు. అంత శ్రద్ధ ఉన్నవాళ్లకు లెక్క మారితే నడక కూడా మారుతుంది.

చోటుకు మనిషిని మార్చే శక్తి నిజంగా ఉందా, లేక ఇది ఊహేనా అని అడగవచ్చు. దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో కైజర్ అనే పరిశోధకుడు, అతడి సహచరులు ఒక సందులో సైకిళ్లు నిలిపే చోటును ఎంచుకున్నారు. సైకిళ్ల హ్యాండిళ్లకు ఏదో దుకాణం పేరుతో కరపత్రాలు కట్టారు. అక్కడ చెత్తబుట్ట లేదు. పక్క గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని కింద పడేశారు. అదే గోడ మీద పిచ్చిరాతలు రాసి ఉన్నప్పుడు 69 శాతం మంది పడేశారు. ఇంకో ప్రయోగంలో పోస్టు డబ్బా నోట్లోంచి ఐదు యూరోల నోటున్న కవరు బయటికి కనిపించేలా పెట్టారు. డబ్బా శుభ్రంగా ఉంటే దాన్ని కాజేసినవాళ్లు 13 శాతం. డబ్బా మీద పిచ్చిరాతలుంటే 27 శాతం. 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితాలివి. డచ్చివాళ్ల నాగరికత గురించి మనకున్న భక్తికి ఇవి కాస్త ఇబ్బందికరమైన అంకెలు. శుభ్రమైన గోడ దగ్గర కూడా ముగ్గురిలో ఒకరు కాగితం పడేశారని కూడా గుర్తుంచుకోవాలి. చోటు అందర్నీ మార్చదు. మధ్యలో ఊగిసలాడేవాళ్లను మారుస్తుంది. ఏ ఊళ్లోనైనా ఎక్కువమంది ఆ మధ్యవాళ్లే.

అయితే మౌలిక వసతులు, మరుగుదొడ్లు, చెత్తబుట్టలు పెట్టేస్తే అన్నీ చక్కబడతాయనే వాదనను కూడా నేను పూర్తిగా ఒప్పుకోలేను. దానికి అడ్డుపడే సాక్ష్యం మన గోడల మీదే ఉంది. ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని రాసి ఉన్న గోడ దగ్గర ఎవరు నిలబడతారు? మగవాళ్లు. మరుగుదొడ్ల కొరత ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. అవసరం సమానం. కేవలం వసతి లేకపోవడమే కారణమైతే గోడల దగ్గర ఇద్దరూ కనిపించాలి. కనిపించరు. మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆమె, ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుల్, పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడే బట్టల దుకాణం అమ్మాయి నీళ్లు తాగడం తగ్గించుకుంటారు, ఆపుకుంటారు, మూత్రనాళం ఇన్‌ఫెక్షన్లతో ఆస్పత్రికి వెళ్తారు. ఆ బాధ ఏ గోడ మీదా మరకగా కనిపించదు కాబట్టి ప్రజా ప్రవర్తన మీద చర్చలోకి రాదు. అంటే ఇక్కడ వసతి లేకపోవడంతో పాటు మరొకటి పనిచేస్తోంది: సమాజం మగవాడికి ఇచ్చిన అనుమతి. అతడు గోడవైపు తిరిగితే చూసినవాళ్లు తల తిప్పుకుంటారు. ఆ తల తిప్పుకోవడమే అనుమతి పత్రం. అపార్ట్‌మెంట్ మెట్ల మూలల్లో, ఆఫీసు గోడల్లో దేవుడి బొమ్మల టైల్స్ అంటించడం కూడా ఈ కోవలోదే. వేంకటేశ్వరుడు, ఏసుక్రీస్తు, మక్కా వరసగా ఉండే ఆ టైల్స్ ముందు ఎవరూ ఉమ్మరు. రెండడుగులు పక్కకు జరిగి ఉమ్ముతారు. పరమత సహనానికి ఇంతకంటే చవకైన నమూనా దొరకదు గానీ, మనకు అక్కరకొచ్చే సంగతి వేరు: ఆ మనిషికి తనను తాను అదుపు చేసుకోవడం వచ్చు. ఎక్కడ చేసుకోవాలో, ఎక్కడ అక్కర్లేదో అతడి బుర్రలో స్పష్టమైన పటం ఉంది. ఆ పటాన్ని అతడొక్కడే గీసుకోలేదు.

ఇంతవరకు తప్పు చేసేవాళ్ల సంగతి. చూసేవాళ్ల సంగతి కూడా తేల్చాలి, ఎందుకంటే మన చూపు అందరి మీదా ఒకేలా పడదు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. మరుసటి ఏడాది బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్న ఆడవాళ్ల వీడియో ఒకటి ఊరూరా తిరిగింది. అది రాజకీయ వివాదమై, మాటలు జారి, క్షమాపణల దాకా వెళ్లింది. పని మీద వెళ్తూ దారిలో ఇంకో పని చేసుకోవడమే ఆ ఆడవాళ్లు చేసింది. ఏసీ రైలు పెట్టెలో లాప్‌టాప్ తెరిచి, ఆఫీసు మీటింగు పెట్టెంతటికీ వినిపించేలా మాట్లాడే ఉద్యోగి చేసేది కూడా అదే. వెల్లుల్లి పొట్టు ఊడ్చేయవచ్చు, ఆ గొంతును ఊడ్చే చీపురు లేదు. అయినా మొదటిది అనాగరికం, రెండోది శ్రమజీవనం. గోడ దగ్గర నిలబడ్డ ఆటో డ్రైవర్ ఫొటో తీస్తాం, ఫుట్‌పాత్‌ను పూర్తిగా ఆక్రమించి నిలిపిన పెద్ద కారు పక్కనుంచి రోడ్డు మీదికి దిగి నడిచిపోతాం. తోపుడు బండి ఆక్రమణ అవుతుంది. బంగ్లా ముందు ఫుట్‌పాత్ మీదికి పాకించిన పచ్చగడ్డి, దాని చుట్టూ కట్టిన ఇనుప కంచె మాత్రం సుందరీకరణ అవుతాయి. కూడలిలో సిగ్నల్ లైటునే కప్పేసిన నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని చింపే ధైర్యం చేసేది గాలివాన ఒక్కటే.

పాలక సంస్థలు జనం మధ్య చేసే చిన్న తప్పులను లెక్కించే అలవాటు మనకు ఇంకా తక్కువ. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, మూత లేని మ్యాన్‌హోల్, కట్టి రిబ్బన్ కత్తిరించి తాళం వేసిన మరుగుదొడ్డి, తవ్వి కుప్పపోసి నెలలు గడిచినా తీయని మట్టి. ఇవి కూడా బహిరంగ ప్రవర్తనే. పైగా మిగతా తప్పులకు ఇవే బాట వేస్తాయి. ఫుట్‌పాత్ మీద నడవలేనివాడు రోడ్డు మీద నడుస్తాడు. రోడ్డు మీద నడిచేవాడిని చూసి బైకువాడు ఫుట్‌పాత్ ఎక్కుతాడు.

ఇప్పుడు ఈ వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం. సంస్కృతి అనేది లేనే లేదా? అన్ని జాతులూ ఒకటేనా? దీనికి న్యూయార్క్ నగరం అనుకోకుండా ఒక ప్రయోగశాల అయింది. ఐక్యరాజ్యసమితిలో పనిచేసే దౌత్యవేత్తల కార్లకు నో పార్కింగ్ చలానా వేయవచ్చు గానీ, దౌత్య రక్షణ వల్ల డబ్బు వసూలు చేయలేరు. 1997 నవంబర్ నుంచి 2002 దాకా వాళ్లు కట్టకుండా వదిలేసిన చలానాలు లక్షా యాభై వేలకు పైనే, విలువ కోటీ ఎనభై లక్షల డాలర్లకు పైనే. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్తలు దేశాలవారీగా ఈ చిట్టా విప్పారు. స్వీడన్, నార్వే, జపాన్ దౌత్యవేత్తల పేరిట ఒక్క బాకీ లేదు. కువైట్ దౌత్యవేత్తల లెక్క మనిషికి ఏడాదికి దాదాపు 250. ఒకే నగరం, ఒకే వీధులు, ఎవరికీ శిక్ష లేదు. అయినా ఇంత తేడా. స్వదేశంలో అవినీతి ఎక్కువగా ఉన్న దేశాలవాళ్ల బాకీలు ఎక్కువగా ఉన్నాయని వాళ్లు తేల్చారు. సంస్కృతి వాదులకు ఇంతకంటే గొప్ప సాక్ష్యం దొరకదు, నేనూ దాన్ని కాదనను. ఇంటినుంచి మోసుకొచ్చిన అలవాటుకు బరువుంది. అయితే కథలో రెండో సగం ఉంది. 2002 చివర్లో, బాకీ పడిన దౌత్య వాహనాల ప్లేట్లు ఊడదీసే అధికారం నగరానికి వచ్చింది. కట్టని చలానాలు దాదాపు 98 శాతం పడిపోయాయి. సంస్కృతి మొదటి అంకెను నిర్ణయించింది, కానీ మార్పుకు అడ్డు నిలవలేకపోయింది. కువైట్ దౌత్యవేత్తలు ఆ కొద్ది వారాల్లో స్వీడన్ సంస్కారం అలవరచుకున్నారని ఎవరూ అనరు కదా.

జపాన్ మాటేమిటి అంటారు. నిజమే, టోక్యో వీధుల్లో చెత్తబుట్టలు చాలా అరుదు. 1995లో భూగర్భ రైల్లో సారిన్ విషవాయువు దాడి తర్వాత ఎన్నో తీసేశారు. అయినా వీధులు శుభ్రంగా ఉంటాయి, జనం చెత్తను సంచిలో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్తారు. వసతి వాదం ఇక్కడ వీగిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ అలవాటు రక్తంలో వచ్చింది కాదు. జపాన్ బడుల్లో పిల్లలు తమ తరగతి గదిని, వరండాను రోజూ తామే తుడుస్తారు. 1964 ఒలింపిక్స్‌కు ముందు ఇదే టోక్యోలో వీధుల శుభ్రత కోసం పెద్ద ఎత్తున ప్రచారోద్యమం నడపాల్సి వచ్చింది. మన బడుల్లో పిల్లల చేత గది ఊడిపించారని తెలిస్తే తల్లిదండ్రులు గొడవకు వస్తారు. వాళ్ల కోపం వెనుక న్యాయమైన చరిత్ర ఉంది: ఊడ్చే పని మన దగ్గర అందరిదీ కాలేదు, కొన్ని కులాల మీద మోపిన పని అయింది. ఎవరో ఒకరు వచ్చి ఎత్తుతారన్న ధీమా అక్కడి నుంచే వచ్చింది. దీన్ని సంస్కృతి అంటే సంస్కృతే. అప్పుడు తిట్టాల్సింది దాన్ని. కాగితం పడేసిన ఒక్క మనిషిని తిట్టి ఇంటికెళ్లిపోతే అది అలాగే ఉంటుంది. అలవాట్లు శాశ్వతం కావనడానికి మరో నిదర్శనం అమెరికా. 1842లో అక్కడ పర్యటించిన చార్లెస్ డికెన్స్ వాషింగ్టన్‌లో ఎక్కడ చూసినా పొగాకు ఉమ్మేనని రాసి పెట్టాడు. క్షయ భయంతో న్యూయార్క్ ఆరోగ్య మండలి 1896లో ఉమ్మడాన్ని నిషేధించింది. ఆ దేశానికి వెళ్లి స్థిరపడిన మన తెలుగువాళ్లు ఇప్పుడు అక్కడి కాలిబాటల శుభ్రతను చూసి ముచ్చటపడుతున్నారు.

మన దేశంలోనే సూరత్ ఉంది. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వదంతులతో, భయంతో లక్షల మంది ఆ ఊరు వదిలి పారిపోయారు. అప్పటికి అది దేశంలో అత్యంత మురికి నగరాల్లో ఒకటి. మరుసటి ఏడాది మే నెలలో మన తెలుగువాడు ఎస్.ఆర్. రావు అక్కడ మున్సిపల్ కమిషనర్‌గా చేరాడు. ఆయన మొదట చేసింది జనానికి నీతిబోధ కాదు, అధికారులను ఆఫీసుల్లోంచి లేపి రోజూ పొద్దున్నే వీధుల్లోకి పంపడం. రాత్రిపూట ఊడ్పించారు, చెత్త వేసిన దుకాణాలకు అక్కడికక్కడే జరిమానా వేశారు, అక్రమ కట్టడాలు కూల్చేటప్పుడు పలుకుబడి ఉన్నవాళ్లవని వదల్లేదు. ఏడాదిన్నర తిరిగేసరికి సూరత్ దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా పేరు తెచ్చుకుంది. సూరత్ జనం మారలేదు, అదే జరీ పని, అదే వజ్రాల సాన, అదే వలస కార్మికులు. పెద్దవాడి గోడ కూలడం చూసిన తర్వాత చిన్న దుకాణదారుకు జరిమానా అన్యాయంగా అనిపించలేదు. జరిమానాల గురించి మాట్లాడేవాళ్లు మర్చిపోయే భాగం ఇదే. మొత్తం ఎంత అన్నదానికంటే, అందరికీ పడుతుందా, ప్రతిసారీ పడుతుందా అన్నదాన్ని జనం చూస్తారు.

మరి తప్పు చేసినవాడికి బాధ్యతే లేదా అని అడుగుతారు. ఉంది. రాంగ్ రూట్‌లో వచ్చి ఒకరిని గుద్దినవాడు యూటర్న్ దూరాన్ని చూపించి తప్పించుకోలేడు. కారణం చెప్పడం వేరు, క్షమించడం వేరు. జ్వరం ఎందుకొచ్చిందో కనుక్కున్న డాక్టర్ జ్వరాన్ని సమర్థించినట్టు కాదు. అయితే బాధ్యత గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు దాన్ని అమలు చేసే పద్ధతి చూస్తే అనుమానం వస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో బయటికి వచ్చినవాళ్లను పోలీసులు గుంజీలు తీయించిన వీడియోలు మనం నవ్వుతూ చూశాం. సెల్‌ఫోన్ చేతికొచ్చాక ప్రతివాడూ ఎదుటివాడి తప్పుకు కెమెరామన్ అయ్యాడు. అవమానం అప్పటికప్పుడు పనిచేసినట్టే ఉంటుంది. కానీ అవమానపడ్డవాడు తర్వాతిసారి తప్పు మానడు, కెమెరా లేని సందు వెతుక్కుంటాడు. పైగా ఇలాంటి వీడియోలు వందలకొద్దీ చూసినవాడికి చివరికి అందే సందేశం ‘అందరూ ఇలాగే చేస్తున్నారు’ అని. రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతిని ముందే చెప్పాయి. నేలంతా చెత్త ఉన్నచోట జనం ఇంకా చెత్త వేశారు. శుభ్రమైన నేల మీద ఒక్కటంటే ఒక్క కనపడే చెత్త ముక్క ఉన్నప్పుడు మాత్రం, అసలు చెత్తే లేనప్పటికంటే తక్కువ వేశారు. ఆ ఒక్క ముక్క, మిగతావాళ్లంతా వేయలేదని గుర్తు చేసింది. మనం పంచుకునే వీడియోలు మొదటి రకం నేలను తయారుచేస్తున్నాయి.

కాబట్టి గమనించడం మానాలని నేను అనను. గమనించాల్సినవి వేరే ఉన్నాయంటాను. ముఖం ఎవరిదో రాసుకునే బదులు చోటు ఏదో, వేళ ఏదో రాసుకుంటే చిత్రం మారిపోతుంది. ఒక కాలనీలో జనం మైదానానికి అడ్డంగా నడిచి నడిచి వేసిన కాలిబాట ఉంటుంది. తెలివైన ఇంజనీరు దాని మీదే సిమెంటు పలకలు పరుస్తాడు, తెలివిలేనివాడు ముళ్లకంచె వేస్తాడు, కంచెకు వారంలో కంత పడుతుంది. ఉమ్మి మరకలకు, రాంగ్ రూట్‌లకు, చెత్త కుప్పలకు కూడా అలాంటి పటం ఒకటి ప్రతి వార్డులోనూ ఉంది. దాన్ని రోజూ కళ్లారా చూసేది తెల్లవారుజామున రోడ్డు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు. ఏ మూలలో రోజూ ఒకే చోట కుప్ప పడుతుందో, ఆదివారం రాత్రి మాత్రమే ఏ గోడ తడుస్తుందో, ఏ మరుగుదొడ్డి తాళం తీస్తే ఏ సందు ఆరిపోతుందో వాళ్లకు తెలిసినంత కమిషనర్‌కు తెలియదు, సంపాదకీయాలు రాసేవాళ్లకు అంతకన్నా తెలియదు. వార్డు సమావేశాల్లో వాళ్లకు ఒక కుర్చీ వేసి, ఆ పటం చెప్పమని అడిగిన మున్సిపాలిటీలు ఎన్నని లెక్కపెట్టడానికి వేళ్లు ఎక్కువే అవుతాయి.